ఒక ఏడాది ఖరీదు

ముప్పై తొమ్మిదేళ్ళ స్త్రీ, ఇద్దరు పిల్లల తల్లి, మేనేజ్‌మెంట్‌లో ఎమ్మెస్సీ చెయ్యడానికి ఏడాదిపాటు ఇంగ్లాండు వెళ్తే అది స్వార్థమా? అదే వయసు మగవాడు కంపెనీ పనిమీద మూడేళ్ళు డాలస్‌లో ఉంటే ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. అతను వెళ్ళేది కుటుంబం కోసం. ఇది మనం చాలాసార్లు రాసుకున్న సంగతే. నన్ను ఆలోచనలో పడేసినవి ఆమెని తప్పుపట్టే మాటలు కావు, సమర్థించే మాటలు. "తిరిగొచ్చాక మంచి ఉద్యోగం వస్తుంది, పిల్లలకే కదా లాభం" అంటారు ఆమె తరఫు వాళ్ళు. మరి ఉద్యోగం రాకపోతే ఆ ఏడాది తప్పయిపోతుందా?

2023 దాకా మన తెలుగు కుటుంబాలు కొన్నింటిలో ఒక ఏర్పాటు ఉండేది. చదువు వీసా భార్య పేరుమీద, ఆమెకి డిపెండెంటుగా భర్త. బ్రిటన్‌లో విద్యార్థి తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు. డిపెండెంటుకి ఆ పరిమితి లేదు. దాంతో పెళ్ళయ్యాక చదువు మాన్పించిన కోడలే ఉన్నట్టుండి "మంచిగా చదివే పిల్ల" అయ్యింది. 2024 జనవరి 1 నుంచి మొదలైన కోర్సులకి ఆ వీలు పోయింది. పరిశోధన డిగ్రీలవాళ్ళూ, ప్రభుత్వ స్కాలర్‌షిప్పులవాళ్ళూ తప్ప మిగతా విద్యార్థులు భర్తనీ పిల్లల్నీ వెంట తీసుకెళ్ళడానికి లేదు. నేనెరిగిన రెండిళ్ళల్లో కోడలి చదువు మాట ఆ నెలతోనే ఆగిపోయింది. 1883లో పండిత రమాబాయి, భర్త పోయిన మరుసటి ఏడాది, రెండేళ్ళ కూతురు మనోరమని తీసుకుని ఇంగ్లాండు ఓడెక్కింది. అప్పుడు తప్పుపట్టినవాళ్ళు ఇక్కడివాళ్ళు. ఇప్పుడు పిల్లని ఇక్కడే వదిలి రమ్మంటున్నది అక్కడి ప్రభుత్వం.

అయినా వెళ్ళిన స్నేహితురాలొకామె ఉంది, హనుమకొండ నుంచి. బ్యాలెన్స్ షీటు చదవడం ఆమెకి ఇష్టం, కొందరు నవల చదివినంత ఇష్టంగా. (సాహిత్యం చదివినదాన్ని కాబట్టి ఈ పోలిక నాకు ఇప్పటికీ కొంచెం వింతే.) పెద్దవాడు పుట్టాక ఉద్యోగం మానేసింది. విద్యారుణానికి వెళ్తే సహ రుణగ్రహీత కావాలన్నారు. పెళ్ళయినవాళ్ళకి భర్తయినా, తల్లిదండ్రులైనా, అత్తమామలైనా సంతకం పెట్టాలి. భర్త వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. సంతకం పెట్టాడు. 2024 సెప్టెంబరులో వెళ్ళింది.

అక్కడ మొదటి నెలలోనే ఆపర్చునిటీ కాస్ట్ గురించి పాఠం. ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్నదాని విలువ అన్నమాట. ఈ చదువుకోసం మీరు వదులుకున్నదెంతో లెక్క వెయ్యండి అన్నారట. ఇరవై మూడేళ్ళవాళ్ళంతా వదిలొచ్చిన జీతాలు రాశారు. ఈమె జీతం సున్నా. అంటే తరగతి మొత్తంలో అందరికంటే చవగ్గా వచ్చింది ఈమే! అదే వారం ఇంటినుంచి ఫోను: వంటమనిషికింత, పిల్లల ఆటోకింత, ట్యూషన్‌కింత, నువ్వు లేక ఇల్లు గుల్లవుతోంది అని. పుస్తకం లెక్కలో ఆమె ఏడాదికి ఖరీదే లేదు, ఇంటి లెక్కలో ఆ ఖరీదు తట్టుకోలేనంత. జాతీయాదాయం లెక్కల్లో ఇంటిచాకిరీకి చోటు లేదని మారిలిన్ వారింగ్ 1988లోనే పుస్తకం రాసింది. నాకు కనిపించేది ఇంకొకటి. ఈ రెండు లెక్కల్లోనూ ఆమె ఇష్టానికి గడి లేదు. లాభం చూపించి అనుమతి తెచ్చుకున్న చదువుని నష్టం చూపించి ఎప్పుడైనా వెనక్కి లాక్కోవచ్చు. అందుకే "పిల్లలకే లాభం" అనే వాదన, మన మంచి కోరేదైనా, నాకు ఒప్పుదల కాదు.

కానీ ఇష్టం అన్నంత మాత్రాన న్యాయం తేలిపోదు. ఆ ఏడాది పిల్లల్ని చూసింది ఆమె తల్లి. అరవై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. కూతురు ఖాళీ చేసిన చోట ఇంకో స్త్రీ నిలబడాల్సిందే. భర్త అదే ఇంట్లో ఉన్నా ఆ చోటు అతనిది కావచ్చని ఎవరికీ తోచలేదు. "పెద్ద చదువులే గానీ బిడ్డా, నా పానం గురించి ఎవలన్న అడిగిన్రా?" అందట తల్లి ఒక రాత్రి ఫోనులో. ఆ ప్రశ్నకి స్త్రీవాదం దగ్గర తేలికైన జవాబు ఉందని నేననుకోను.

స్నేహితురాలు శనాదివారాలు ఒక వృద్ధాశ్రమంలో పని చేసేది. 2025 ఏప్రిల్‌లో అక్కడి కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లయింది. ఎవరి తల్లినో లేపి, స్నానం చేయించి, అన్నం తినిపిస్తే గంటకింత అని కాగితంమీద రాసిచ్చారు. ఆ నెలనుంచి తన తల్లికి కొంత పంపడం మొదలుపెట్టి, దాన్ని జీతం అంది. తల్లికి కోపం వచ్చింది. "కన్నబిడ్డ దగ్గర కూలి తీసుకుంటనా?" అని రెండు వారాలు మాట్లాడలేదు. తర్వాత, అల్లుడికి చెప్పకుండా, పోస్టాఫీసులో తన పేరుమీద ఖాతా తెరిచింది.