కారు అమ్మేవాడు ఎంతవరకు చెప్పాలి?

చారాణా కోడికి బారాణా మసాలా అని మన వరంగల్ వైపు పెద్దలు అంటుంటారు. కోడి సంగతేమో గాని, పాతబడిన ఖరీదైన కారుకు ఆ మాట అచ్చంగా అతుకుతుంది.

ప్రియ పాఠకులారా, మన విచారణలలో ఎన్నో ఇళ్ల పిల్లలు నేడు అమెరికాలో ఉన్నారు కనుక ఈ ఉదాహరణ మీకు దూరమనిపించదు. ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. డల్లాస్‌లో ఉద్యోగం. చిన్నప్పటి మోజు కొద్దీ, మీట నొక్కితే పైకప్పు ముడుచుకొని డిక్కీలోకి పోయే మెర్సిడెస్ ఎస్‌ఎల్ 500 ఒకటి, 2003 నాటిది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొత్తలో దాని ధర 85 వేల డాలర్లకు అటూ ఇటూ. ఇతనికి 10 వేలకే వచ్చింది. అంత అగ్గువకు ఎందుకు వచ్చిందో ఆరు నెలల్లో తెలిసిపోయింది.

ఆ కారులో నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగులకు తోడుగా నూనె ఒత్తిడితో పనిచేసే సిలిండర్లు ఉంటాయి. ఆ ఒత్తిడి సుమారు 200 బార్లు. మామూలు కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకే ఉంటుంది, పోల్చి చూసుకోండి. ఇరవై ఏళ్లకు సీళ్లు అరుగుతాయి, వాల్వులు పట్టు తప్పుతాయి. రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి ఒక మూలకు కుంగి ఉంటుంది. ఇంజను స్టార్ట్ చేస్తే మళ్లీ లేచి నిలబడుతుంది. పంపు ఒక్కటి మార్చాలన్నా వెయ్యి డాలర్లు దాటుతుంది, కూలి వేరే. పైకప్పును మడిచేదీ నూనె సిలిండర్లే, అవీ కారుతాయి. డిక్కీలోకి వాన నీరు దిగితే అక్కడున్న ఎలక్ట్రానిక్ పెట్టెలు చెడతాయి. ఒకదాని బిల్లు కట్టి ఊపిరి పీల్చుకునేలోగా మరొకటి.

బ్రేకుల సంగతి ఇంకా గట్టిది. ఆ మోడల్‌లో పెడల్ తొక్కితే కాలి బలం నేరుగా చక్రానికి పోదు. కంప్యూటరు ఆ కదలికను చదివి, కరెంటు పంపు నింపిన ఒత్తిడిని చక్రాలకు పంపుతుంది. ఎన్నిసార్లు బ్రేకు వేశామో ఆ యూనిట్ లెక్క పెట్టుకుంటుంది. హద్దు దాటితే మార్చమని హెచ్చరిక చూపుతుంది. యూనిట్ పనిచేయడం మానేస్తే ముందు చక్రాలకు మాత్రమే కాలి బలంతో బ్రేకు పడుతుంది, అదీ పెడల్ లోతుగా, గట్టిగా తొక్కితే. ఈ బ్రేకుల విషయంగానే 2004లో కంపెనీ సుమారు 6,80,000 కార్లను వెనక్కు పిలిపించి సరిచేసింది. కొత్త యూనిట్‌కు రెండు వేల డాలర్ల దాకా అవుతుంది. అయితే చేతిలో తగిన కంప్యూటరు ఉన్న మెకానిక్, అందులో చిన్న భాగం తీసుకొని, ఆ లెక్కను మళ్లీ సున్నా చేసి పెట్టగలడు. హెచ్చరిక మాయమవుతుంది. యూనిట్ మాత్రం పాతదే.

ఇప్పుడు మన అబ్బాయి విసిగిపోయి కారు అమ్మేద్దామనుకున్నాడు. చదువుకోసం హనుమకొండ నుంచి కొత్తగా వచ్చిన మరో కుర్రవాడు, బ్యాంకు అప్పుతో వచ్చినవాడు, కారు చూసి ముచ్చటపడ్డాడు. "అన్నా, బండి మంచిదేనా?" అని అడుగుతాడు. ఏం చెప్పాలి?

చట్టం మాట ముందు చూద్దాం. మన భారత కాంట్రాక్టు చట్టం, 1872, 17వ సెక్షన్‌లో ఒక గుర్రం కథ ఉంది. గుర్రానికి జబ్బు ఉందని తెలిసీ ఏమీ అనకుండా వేలంలో అమ్మితే అది మోసం కాదు అంటుంది ఆ సెక్షన్. కొనేవాడు చూసుకోవాలి. కాని వెంటనే మరో రెండు ఉదాహరణలు ఇస్తుంది. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన తన సొంత కూతురైతే తండ్రి చెప్పి తీరాలి. అలాగే, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను" అని కొనేవాడు అన్నప్పుడు అమ్మేవాడు ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే పలికినట్టు. వట్టి మౌనం కూడా ఒక్కోసారి మాటేనని ఒప్పుకున్న ఈ సెక్షన్ మీద నాకు గౌరవం. అమెరికాలో పాత కార్లు తరచు "ఉన్నది ఉన్నట్టుగా" అనే షరతు మీద చేతులు మారతాయి. ఆ షరతు రేపు కోర్టులో అమ్మినవాణ్ణి చాలావరకు కాపాడవచ్చు. రాత్రి నిద్ర సంగతి దానికి సంబంధం లేదు.

ఇదే ప్రశ్నను పదమూడవ శతాబ్దంలో పునీత తోమాస్ అక్వినాస్ తన పెద్ద గ్రంథంలో వేసుకున్నారు. ఆయన ముందున్నదీ గుర్రమే. ఒంటికన్ను గుర్రమైతే లోపం కళ్లెదుటే ఉంది. దానికి తగ్గట్టు ధర తగ్గించినప్పుడు నోటితో చెప్పకపోయినా తప్పు లేదన్నారు. లోపం లోపల దాగి ఉండి, కొనేవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చేదైతే మాత్రం చెప్పి తీరాలి. చెప్పకుండా అమ్మినవాడు నష్టపరిహారం ఇచ్చుకోవాలి. మరి అన్నీ చెబితే ఎవడు కొంటాడు? దానికీ ఆయన దగ్గర జవాబుంది. లోపాన్ని దండోరా వేయించనక్కరలేదు. అలా చేస్తే వస్తువులోని మంచి తెలియకుండానే అందరూ బెదిరిపోతారు. కొనడానికి వచ్చిన మనిషికి మాత్రం విడిగా చెప్పాలి. ఎంత లోకజ్ఞానమో చూడండి.

ఆ కొలత మన కారుకు పెట్టి చూద్దాం. ఇరవై ఏళ్ల బండి అన్నది కాగితం మీదే ఉంది. సీటు తోలు చిరిగింది, రంగు వెలిసింది; కుర్రవాడు చూస్తాడు. ఇవి ఒంటికన్ను లాంటివి. కాని అతను వచ్చే అరగంట ముందే ఇంజను తిప్పి, కుంగిన మూలను లేపి ఉంచితే? నోట ఒక్క అబద్ధం లేదు. మన సంతల్లో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు. కుంటి ఎద్దును ముందే నడిపించి కాలు సాగదీసి ఉంచే ఘనులు లేకపోలేదు. డల్లాస్‌లో జరిగినా పని అదే. ఇక బ్రేకు లెక్కను సున్నా చేయించి అమ్మడం మౌనం కూడా కాదు. యంత్రం చెబుతున్న నిజాన్ని నోరు నొక్కడం. అది డబ్బుతో పోయేది కాదు, రోడ్డు మీద ఎదురొచ్చే మూడో మనిషి ప్రాణంతో కూడిన పని. అక్కడ నాకే సందేహమూ లేదు.

కష్టమైనది ఇంకొకటి. "నాకు అమ్మినవాడు నాకేమీ చెప్పలేదు. నేను నష్టపోయాను. ఇప్పుడు చెబితే 10 వేల బండికి నాలుగు వేలు కూడా రావు. నా నిజాయితీకి ఆరు వేల జరిమానానా?" అంటాడు అబ్బాయి. ఈ మాటను తేలికగా కొట్టిపారేయలేము. అతను దొంగ కాడు, ఇంటికి డబ్బు పంపేవాడే. కాని లెక్క మరోసారి వేద్దాం. ఆ ఆరు వేలు నిజం చెప్పిన రోజున పోలేదు. కొన్న రోజునే పోయాయి. అప్పటినుంచి అది నాలుగు వేల బండే. తెలియక 10 వేల బండి అనుకున్నాడు, అంతే. పోయిన ఆ సొమ్ము అతనికి అమ్మినవాడి దగ్గర ఉంది. వీలుంటే అక్కడ అడగాలి గాని, అప్పు మీద బతికే కుర్రవాడి జేబులో వెతకకూడదు.

ఖచ్చితంగా తెలిసినది చెప్పాలి, సరే. వట్టి అనుమానం? పంపు శబ్దం మారిందనిపిస్తుంది, మెకానిక్‌కు చూపించలేదు. "అనుమానంగా ఉంది, చూపించుకో" అంటే చాలునని నా అభిప్రాయం. తెలుసుకుంటే చెప్పాల్సి వస్తుందని కావాలనే చూపించకపోతే మాత్రం అది తెలియకపోవడం కిందికి రాదు.

చట్టం కూతురికి చెప్పమంది. పరాయి ఊళ్లో "అన్నా" అని పిలిచినవాడు ఏ వరుస కిందికి వస్తాడు? మనం వరసలు కలిపి పిలుచుకునే జాతి. పెళ్లిలో వడ్డించేటప్పుడు అక్కరకొచ్చే ఆ వరుస, బేరం దగ్గర రద్దవుతుందా? ఫోనులో కొడుకు సలహా అడిగితే, వరంగల్‌లో ఉన్న తల్లిదండ్రులుగా మీరేమంటారు? "నీ ఇష్టం, అక్కడి పద్ధతి నీకే తెలుసు" అని ఫోను పెట్టేస్తారా?

నేనైతే ఒక కాగితం మీద రాసిమ్మంటాను. కుంగే మూల, కారే పైకప్పు, తడిసే డిక్కీ, బ్రేకు యూనిట్ వయసు, ఇప్పటిదాకా అయిన బిల్లులు. కింద అడిగే ధర. కుర్రవాణ్ణి తనకు నచ్చిన మెకానిక్ దగ్గరికి బండి తీసుకుపోయి చూపించుకోమనాలి. అతను కొనకపోవచ్చు. అప్పుడు ఆ కారు మరో మూడు నెలలు ఇన్సూరెన్సు తింటూ ఇంటి ముందే కుంగి ఉంటుంది.