పలువరుసకు ప్రమాణం ఏది?

పుట్టుకతో వచ్చిన పలువరుసను మార్చడం వైద్యమా, అలంకారమా అన్న ప్రశ్న ఆర్థోడాంటిక్స్ శాఖతో పాటే పుట్టింది. దాని వెనక ఇంకా పాత ప్రశ్న ఉంది: మనిషి దేహానికి ముందే గీసిపెట్టిన నమూనా ఒకటి ఉందా? ఉంటే దాన్ని చదివి చెప్పే అధికారం ఎవరిది?

ఈ ప్రశ్న రెండు వైపులా ఒకేసారి కనిపించే చోటు బెంగళూరు తూర్పు అంచున ఉన్న కాడుగోడి. పుట్టపర్తి సత్యసాయిబాబా బృందావన ఆశ్రమం ఇక్కడే ఉంది. ఆ సంస్థ వైట్‌ఫీల్డ్‌లో నడిపే జనరల్ ఆసుపత్రిలో డబ్బు తీసుకోకుండా వైద్యం చేస్తారు. దగ్గర్లోనే ఐటీ పార్కులు, అపార్ట్‌మెంట్లు. 2023 మార్చిలో మెట్రో పర్పుల్ లైను కాడుగోడి దాకా వచ్చింది. రాయలసీమ నుంచీ కోస్తా నుంచీ ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. పిల్లలకు పదేళ్ళు దాటేసరికి ఈ ఇళ్ళలో క్లిప్పుల మాట వస్తుంది. దేహం అశాశ్వతమని వినిపించే చోటా, పలువరుస చక్కబెడతామని బోర్డు కట్టిన చోటా నిలబడేది ఒకే తల్లిదండ్రులు.

ఆర్థోడాంటిస్టు మొదట పంటి డాక్టరు. బీడీఎస్ తరవాత మూడేళ్ళు ఎండీఎస్ చేసి, పళ్ళ అమరిక మీదా దవడల ఎదుగుదల మీదా ప్రత్యేక శిక్షణ పొందినవాడు. వచ్చిన రోజే క్లిప్పులు వేయడు. ముందు నోటి అచ్చు గానీ డిజిటల్ స్కాన్ గానీ తీసుకుంటాడు. ముఖాన్ని ఎదురుగానూ పక్కనుంచీ ఫొటోలు తీస్తాడు. పళ్ళన్నీ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే, తల పక్కభాగం ఎక్స్‌రే చూస్తాడు. 1931లో బ్రాడ్‌బెంట్ ప్రవేశపెట్టిన ఆ రెండో ఎక్స్‌రే వల్లనే లోపం పళ్ళలో ఉందా దవడ ఎముకలో ఉందా అన్నది తేలుతుంది. ఎత్తుపళ్ళన్నీ ఒక్కటి కావు. కొందరిలో పై పళ్ళు ముందుకు వస్తే, కొందరిలో కింది దవడే వెనకబడి ఉంటుంది. వైద్యం వేరు కావడానికి కారణం అదే.

పన్ను ఎముకలో దిగ్గొట్టిన మేకు కాదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని కణజాలపు పొర ఉంటుంది. తేలికపాటి ఒత్తిడి ఒకే దిశలో ఆగకుండా పడితే, నొక్కుకున్న వైపు ఎముక కరిగిపోతుంది, లాగుడు పడిన వైపు కొత్త ఎముక పెరుగుతుంది. పన్ను మెల్లగా ఆ వైపు సాగుతుంది, నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున. ఒత్తిడి ఎక్కువైతే పని త్వరగా అవ్వదు సరికదా, వేరు కొస అరిగే ప్రమాదం పెరుగుతుంది. చికిత్స ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టడానికి మూలం ఈ జీవక్రియే.

దీన్ని నడిపే సాధనాలు రకరకాలు. పంటికి అంటించే లోహపు బ్రాకెట్లు, వాటి గుండా సాగే తీగ అందరికీ తెలిసినవే. పంటి రంగు సిరామిక్ బ్రాకెట్లూ, పళ్ళ లోపలివైపు అమర్చేవీ ఉన్నాయి. తీసి పెట్టుకునే పారదర్శక అలైనర్లు ఈ శతాబ్దంలో బాగా వ్యాపించాయి. కానీ రోజుకు ఇరవై గంటలకు పైగా పెట్టుకోకపోతే అవి పనిచేయవు. ఎదిగే వయసులో అంగిలిని వెడల్పు చేసే పరికరాలూ, కింది దవడను ముందుకు తెచ్చే ట్విన్ బ్లాక్ వంటివీ వాడతారు. ఎదుగుదల ఆగాక దవడలోనే పెద్ద తేడా ఉంటే శస్త్రచికిత్స తప్పదు. చోటు చాలనప్పుడు రెండో నాలుగో పళ్ళు తీయవలసి వస్తుంది. తాత్త్విక వివాదం మొదలైంది ఈ పళ్ళు తీయడం దగ్గరే.

ఆధునిక ఆర్థోడాంటిక్స్‌కు పునాది వేసిన అమెరికన్ ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరును మూడు తరగతులుగా విభజించాడు. నేటికీ ప్రతి కేసు కాగితం మీదా ఆ తరగతి ఉంటుంది. వర్గీకరణ కింద ఒక విశ్వాసం ఉంది. ప్రతి నోటికీ సృష్టిలో ముప్పయిరెండు పళ్ళూ ఉద్దేశించినవేననీ, అన్నీ తమ వరుసలో కూర్చుంటే ముఖం తనంతట తానే అందంగా కుదురుతుందనీ యాంగిల్ నమ్మాడు. పన్ను తీయడం అతని దృష్టిలో సృష్టికర్త పథకాన్ని కత్తిరించడం. అందమంటే ఏమిటన్న ప్రశ్నకు మొదట్లో గ్రీకు శిల్పంలోని అపోలో ముఖాన్ని ఆదర్శంగా చూపాడు. అన్ని ముఖాలకూ చెల్లే ఒకే ఆదర్శం లేదని వ్యూర్పెల్ అనే చిత్రకారుడు అతనికి నచ్చజెప్పాడు. ముఖం విషయంలో సడలిన యాంగిల్ పళ్ళ సంఖ్య విషయంలో మాత్రం 1930లో చనిపోయే దాకా పట్టు వదల్లేదు.

1911లో కాల్విన్ కేస్ అనే వైద్యుడు దీన్ని బాహాటంగా ఎదిరించాడు. కొందరిలో పళ్ళు తీయకుండా వరుస చేస్తే మూతి ముందుకు ఉబుకుతుందని వాదించాడు. అప్పటికి ఆ వాదన నెగ్గలేదు. నెగ్గించినవాడు యాంగిల్ శిష్యుడే. చార్లెస్ ట్వీడ్ గురువు చెప్పినట్టే పళ్ళు తీయకుండా వైద్యం చేసి, కొంతకాలానికి తన రోగుల్ని మళ్ళీ పరీక్షించి చూశాడు. చాలామంది పళ్ళు నిలబడలేదు, ముఖాలు కుదరలేదు. 1930లలో వాళ్ళలో కొందరికి నాలుగు చిన్న దవడపళ్ళు తీసి మళ్ళీ వైద్యం చేశాడు. గురువు మాటను శాస్త్రవాక్యంగా కాక పరీక్షకు నిలవాల్సిన ప్రతిపాదనగా తీసుకున్న శిష్యుడు ఆయన. ఈ శాఖ చరిత్రలో ఇంతకన్న గొప్ప నైతిక ఘట్టం మరొకటి లేదు. తరవాత పళ్ళు తీయడం అతిగా పెరిగి, మళ్ళీ తగ్గింది. ఇప్పటి వైద్యులు నోరు నోరుకూ విడిగా నిర్ణయిస్తారు.

సృష్టి నమూనా అన్న మాటకు మరో దెబ్బ ఆహారం వైపు నుంచి తగిలింది. ఆస్ట్రేలియా ఆదివాసుల పాత దవడలను పరిశీలించిన రేమండ్ బెగ్, ముతక తిండితో పళ్ళు పక్కలూ పైనా అరిగి, వాటికి చోటు తానే ఏర్పడేదని 1954లో రాశాడు. పల్లెల్లో కన్న పట్నాల్లో వంకర పళ్ళు ఎక్కువని ఉత్తర భారతంలో చేసిన సర్వేల ఆధారంగా 1980లలో రాబర్ట్ కొరుచ్చీని చూపాడు. మెత్తని వంటకు అలవాటుపడిన దవడ చిన్నదవుతోందన్నది వీళ్ళ వాదం. అందులో ప్రతి అంశమూ స్థిరపడలేదు, వంశపారంపర్యం పాత్రా తక్కువది కాదు. అయినా ఒక సంగతి దాటవేయలేం. వంకర పలువరుసను ‘దేవుడిచ్చింది’ అని వదిలేయమనేవారు ఆ వరుసలో మన వంటగది చేతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మత సంప్రదాయాలు ఈ విషయంలో అనుకున్నంత ఏకపక్షంగా లేవు. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకుని అల్లాహ్ సృష్టిని మార్చే స్త్రీలను గర్హించే హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాల్లో ఉంది. అందులోని ‘అందం కోసం’ అన్న షరతును పట్టుకుని, చికిత్సకో లోపం సరిచేయడానికో అయితే నిషేధం వర్తించదని నవవీ వంటి వ్యాఖ్యాతలు చెప్పారు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజాకు ప్రవక్త బంగారు ముక్కు పెట్టుకోమన్న ఉదంతాన్నీ న్యాయవేత్తలు ఉదాహరిస్తారు. బౌద్ధుల మహాపురుష లక్షణాల్లో సమమైన, సందులేని పళ్ళు ఉన్నాయి. కానీ వాటి సంఖ్య నలభై! వైద్యుడు అందుకోవలసిన కొలత కాదది, పూర్వపుణ్యానికి గుర్తు. హిందూ గృహాల్లో చెవులు కుట్టించడం ఏకంగా సంస్కారం. కాబట్టి దేహాన్ని తాకకూడదన్న నియమం ఇక్కడ ఎన్నడూ లేదు. దేహాన్ని దేవాలయంగా భావించే వారికి ఆగమాల్లోని జీర్ణోద్ధరణ మంచి పోలిక అవుతుంది: గుడి బీటలు వారితే బాగుచేయమంటారు, పక్క ఊరి గుడిలా లేదని కూల్చమని మాత్రం ఏ ఆగమమూ అనదు.

లోపానికీ భేదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే అసలు చిక్కు. 1989లో బ్రూక్, షా అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు చికిత్స అవసరాన్ని కొలిచే సూచికను రూపొందించారు. అందులో ఆరోగ్యానికి ఒక భాగం, అందానికి ఒక భాగం విడిగా ఉన్నాయి. ఆ విడదీతే నిజాయితీ. పై పళ్ళు బాగా ముందుకు వచ్చిన పిల్లలు పడితే పళ్ళు విరిగే ప్రమాదం ఎక్కువ. పైకి రాకుండా ఇరుక్కున్న కోరపన్ను పక్క పంటి వేరును తినేయగలదు. ఇవి వైద్య కారణాలు. వరుస సరిచేస్తే పుచ్చులు రావనీ, ఆత్మవిశ్వాసం జీవితాంతం పెరుగుతుందనీ చేసే వాగ్దానాలకు అంత బలం లేదు. కార్డిఫ్‌లో 1981లో మొదలై పిల్లల్ని ఇరవై ఏళ్ళు అనుసరించిన అధ్యయనంలో, చికిత్స తీసుకున్నవారి మానసిక క్షేమం దాని వల్ల పెద్దగా మారినట్టు కనబడలేదు.

అలాగని అందం కోసం వచ్చినవారిని చులకన చేయడం అన్యాయం. నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల బాధ ఎక్స్‌రేలో కనిపించదు, అయినా బాధే. చికిత్సను సమర్థించేది ఆ బాధ, లేదా రాబోయే హాని. సృష్టిలో లేని నమూనా గానీ, అపోలో ముఖం గానీ సమర్థించవు. అలా చూస్తే మొదట అడగవలసింది పిల్లనే. డబ్బు కట్టేదీ తొందరపడేదీ పెద్దలు, రెండేళ్ళు తీగ భరించేది పిల్లలు. తీసేసిన పన్ను మళ్ళీ రాదు కనుక, వైద్యుడు మూడు సంగతులు దాచకుండా చెప్పాలి: ఏ కారణంతో చేస్తున్నాడో, చేయకపోతే ఏమవుతుందో, చేసినా ఏది మారదో.

ఖర్చు వేల నుంచి లక్షల దాకా వెళుతుంది. మామూలు ఆరోగ్య బీమా సాధారణంగా దీన్ని భరించదు. ఉచిత ఆసుపత్రుల్లో ముందు వరుస నొప్పికీ చీముకీ, అలా ఉండటమే న్యాయం. కానీ అన్నం నమలలేనంత దవడ తేడా ఉన్న పేదపిల్లను కూడా అలంకారం ఖాతాలో వేసి వెనక్కి పంపడం ఆ న్యాయంలోకి రాదు. ఖర్చు సమకూరినా పని తీగతో ముగియదు. తీగ తీశాక పళ్ళు పాత చోటికి జరగాలని చూస్తాయి. అందుకే రిటైనర్ ఇస్తారు. ఎముకా చిగురూ కుదురుకునే మొదటి నెలల్లో దాదాపు రోజంతా, ఆ తరవాత రాత్రుళ్ళు పెట్టుకోవాలి. చాలామందికి అది ఏళ్ళ తరబడి సాగుతుంది. ఒప్పుకునే ముందు తల్లిదండ్రులకీ పిల్లలకీ ఈ చివరి దశ కూడా తెలిసి ఉండాలి.