దానమిచ్చే ఆవుకు పళ్ళు ఎవరు లెక్కపెట్టాలి?

దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదని మన పెద్దలు అంటుంటారు. ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టవద్దని దాని భావం. తీసుకునేవాడికి ఈ మాట సరిపోతుంది. మరి ఇచ్చేవాడి సంగతేమిటి? ఊరికే ఇస్తున్నాం కదా అని ఎలాంటిదైనా ఇచ్చేయవచ్చా? జీతం లేని పనికి బాధ్యత ఉంటుందా, ఉండదా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. కఠోపనిషత్తులో నచికేతుడి తండ్రి యాగం చేసి, పాలు ఉడిగిపోయిన ముసలి ఆవులను దానం చేస్తాడు. అది చూసి ఆ పిల్లవాడికి మనసు ఒప్పదు. అతడు యముడి దగ్గరికి వెళ్ళిన కథంతా అక్కడే మొదలవుతుంది. ఇదే ప్రశ్నను నేటి కంప్యూటర్ పని ఒకదానితో పరిశీలించాలని నా ప్రయత్నం.

లినక్స్ అనేది ఎవరైనా ఉచితంగా వాడుకోగల వ్యవస్థ. దాన్ని, దాని మీద నడిచే ప్రోగ్రామ్‌లను కలిపి మనకు అందించే వాటిలో డెబియన్ ఒకటి. 1993లో ఇయాన్ మర్డాక్ దీన్ని ప్రారంభించారు. ఇందులో పనిచేసేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద సేవకులు. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు తెలుగులో తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా డెబియనే ఆధారం.

ఈ సేవకుల్లో కొందరి పని జావా భాషలో రాసిన ప్రోగ్రామ్‌లను ప్యాకేజీలుగా కట్టడం. రేఖాగణితం నేర్పే జియోజీబ్రా అలాంటి ప్రోగ్రామే. జావా ప్రోగ్రామ్ ఒంటరిగా నడవదు. ఇతరులు రాసిన చిన్న చిన్న భాగాలు దానికి కావాలి. అవి ‘జార్’ అనే మూటల్లో సిద్ధంగా దొరుకుతాయి. వాటిని తెచ్చి లోపల పెట్టేస్తే చాలు, ప్రోగ్రామ్ నడుస్తుంది. చాలామంది చేసేది అదే.

డెబియన్ సేవకులు మాత్రం అలా చేయరు. ప్రతి భాగానికీ మనుషులు చదవగలిగే అసలు రాత, అంటే సోర్స్ కోడ్, తెచ్చుకుని దాని నుంచే మళ్ళీ తయారుచేయాలి. తయారయ్యేటప్పుడు ఇంటర్నెట్ నుంచి ఏదీ లాక్కోకూడదు. ఒక ప్రోగ్రామ్ కట్టాలంటే ముందు దానికి కావలసిన భాగాలు కట్టాలి, వాటికి కావలసినవి ఇంకా ముందు కట్టాలి. తీగ లాగితే డొంకంతా కదిలినట్టే! అసలు జావాకే ఒకప్పుడు ఈ చిక్కు ఉండేది. దాన్ని తయారుచేసిన సన్ కంపెనీ 2006 నవంబరులో స్వేచ్ఛా లైసెన్సు ప్రకటించాకే ఆ దారి తెరుచుకుంది.

ఎందుకింత శ్రమ? అంగట్లో కొన్న కారప్పొడి ఎర్రగానే ఉంటుంది, కూర కూడా కారంగానే అవుతుంది. కానీ అందులో ఏం కలిసిందో అమ్మేవాడికే తెలియకపోతే? 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా భాగంలో పెద్ద లోపం బయటపడింది. ఎక్కడో ఉన్న దొంగ మన కంప్యూటర్‌లో తన ఆజ్ఞలు నడిపించగలిగేంత లోపం అది. ఆ భాగాన్ని మూటగా లోపల దాచుకున్న ప్రోగ్రామ్‌లను ప్రపంచమంతా ఒక్కొక్కటిగా వెతుక్కోవలసి వచ్చింది. అదే భాగం డెబియన్‌లో విడిగా ఒక ప్యాకేజీగా ఉంది. దాన్ని సరిచేస్తే దాని మీద ఆధారపడ్డవాటన్నిటికీ మరమ్మతు అందుతుంది. ఇచ్చేవాడు ముందే పళ్ళు లెక్కపెట్టినందువల్ల వచ్చిన మేలు ఇది.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. ఇంత జాగ్రత్త పడితే ఆలస్యమవుతుంది. జియోజీబ్రానే చూడండి. బయట 5, 6 వెర్షన్లు వచ్చేసినా డెబియన్‌లో ఏళ్ళ తరబడి పాత 4.0 వెర్షనే ఉండిపోయింది. ‘రేపటి మంచిదాని కోసం ఈ రోజు పాఠం ఆపుకోవాలా?’ అని విద్యార్థి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఇంకో మాట. లాగ్‌ఫోర్‌జే లోపాన్ని సరిదిద్దినవాళ్ళు కూడా ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. నిద్ర మానుకుని పనిచేస్తుంటే తిట్లూ వాళ్ళకే పడ్డాయి. ఊరికే ఇచ్చేవాడి మెడ మీద ఇంత బరువు పెట్టడం ధర్మమేనా?

డెబియన్ రాజ్యాంగంలో దీనికి నాకు నచ్చిన జవాబు ఉంది. పని చేసి తీరాలని అది ఎవరినీ బలవంతపెట్టదు. ఎవరైనా తప్పుకోవచ్చు. తప్పుకునేవాళ్ళు ఆ సంగతి అందరికీ తెలిసేలా చెబుతారు. అప్పుడు ఆ ప్యాకేజీని ‘అనాథ’ అని ప్రకటిస్తారు, ఇష్టమున్నవాళ్ళు దాన్ని దత్తత తీసుకుంటారు.

మన సిరోంచలో ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. చలివేంద్రం పెట్టమని ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేరు. కానీ పెట్టినవాళ్ళు కుండ కడగాలి, మంచి నీళ్ళు పోయాలి. ఇక కుదరకపోతే కుండ తీసేయాలి, లేదా పక్కవాళ్ళకు అప్పగించాలి. ఖాళీ కుండను అక్కడే వదిలేస్తే, దాన్ని నమ్ముకుని ఎండలో నడిచి వచ్చినవాడు మోసపోతాడు. ఆ కుండ లేకపోతే అతడు ఇంట్లోనే నీళ్ళు తాగి బయలుదేరేవాడు కదా!

అందుకే నా అభిప్రాయం ఇది. మొదలుపెట్టాలా వద్దా అన్నది మన ఇష్టం. మొదలుపెట్టాక మాత్రం అవతలివాడు మనల్ని నమ్ముకుంటాడు. జీతం ఉన్నా లేకపోయినా బాధ్యత ఆ నమ్మకం నుంచే పుడుతుంది. అతడు అడగకపోయినా లోపల ఏముందో చూసి ఇవ్వాలి. మానేస్తే మానేశామని చెప్పాలి. తప్పుకున్నవాణ్ణి మనమూ నిందించకూడదు.

మిత్రులారా, మహారాష్ట్రలో తెలుగు మాధ్యమంలో చదివేవాళ్ళం కొద్దిమందిమే. మన కోసమే ప్రోగ్రామ్‌లు చేస్తే ఏ కంపెనీకి లాభం? మనకు కావలసినవి చాలావరకు ఇలాంటి సేవకుల నుంచే రావాలి. రేపు మనలో కొందరం ఆ పని చేయాలి కూడా. అంతవరకు గ్రంథాలయం బాధ్యతో, మొక్కలకు నీళ్ళు పోసే వంతో మన చేతిలో ఉంటుంది. సెలవు పెట్టే రోజు ఆ వంతు ఎవరికి అప్పగిస్తున్నామో చెప్పి వెళ్దాం.