మంచు కురవని ఊరి పాట

సావో గొన్సాలోలో మంచు పడదు. రియో డి జనీరోకు ఎదురుగా, గ్వానబారా అఖాతం అవతలి గట్టున జనంతో కిక్కిరిసిన ఊరది. ఆ మాటకొస్తే దక్షిణాన కొన్ని కొండ ఊళ్లు మినహా బ్రెజిల్‌లో మంచు చూసినవాళ్లే తక్కువ. అయినా అక్కడి బాప్టిస్టు, పెంతెకొస్తు చర్చిల్లో తాతల కాలం నుంచీ ఒక కీర్తన పాడుతున్నారు. యేసు రక్తంలో కడిగితే పాపి మంచు కంటే తెల్లనవుతాడని దాని భావం.

సావో గొన్సాలోలోనే పుట్టిన క్లెబెర్ లూకాస్ అనే నల్లజాతి గాయకుడు 2022 చివర్లో ఆ కీర్తనను జాత్యహంకారపు పాట అన్నాడు. అన్నవాడు బయటివాడైతే ఎవరూ పట్టించుకునేవారు కారు. ఈయన పాస్టరు. పైగా బ్రెజిల్ క్రైస్తవ సంగీతంలో పెద్ద పేరు. ‘దేవుడు నన్ను చూసుకుంటాడు’ అని అర్థమొచ్చే పేరుతో 1999లో ఆయన చేసిన పాట ఆరాధనల్లో స్థిరపడిపోయింది. తమ ఇంట్లో పెరిగినవాడే అమ్మమ్మ పాటను తప్పుపడితే విశ్వాసులకు ఒళ్లు మండదా? మండింది. ‘ఆ వాక్యం బైబిల్లోదే కదా, దావీదు కూడా జాత్యహంకారేనా’ అన్న ప్రశ్న వెంటనే వచ్చింది.

ప్రశ్న న్యాయమైనదే. కానీ పాట ఎవరి పడవలో వచ్చిందో చూడకుండా జవాబు చెప్పడం కష్టం.

అమెరికాలో బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న తగాదాతో బాప్టిస్టులు 1845లో రెండుగా చీలారు. పంపవచ్చన్నవాళ్లు సదరన్ బాప్టిస్టులయ్యారు. అంతర్యుద్ధంలో దక్షిణాది ఓడాక అక్కడివాళ్లు కొందరు, బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న బ్రెజిల్‌కు వలస వెళ్లారు. సావో పాలో రాష్ట్రంలోని శాంటా బార్బరాలో 1871లో వాళ్లు పెట్టుకున్నదే ఆ దేశంలో మొదటి బాప్టిస్టు సంఘం. ఆరాధన ఇంగ్లిష్‌లో జరిగేది. తర్వాత 1882లో సదరన్ బాప్టిస్టు మిషనరీలు సాల్వడోర్ నగరంలో, ఆఫ్రికా నుంచి బానిసలను దించిన రేవు ఊళ్లోనే, పోర్చుగీసు మాట్లాడేవారి కోసం సంఘం స్థాపించారు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888 మే 13న. మూడేళ్లకు, 1891లో, సలోమావో గిన్స్‌బర్గ్ పదహారు కీర్తనలతో మొదటి బాప్టిస్టు పాటల పుస్తకం అచ్చువేశాడు. సంకెళ్లు తెగి మూడేళ్లే. అప్పటికి పుస్తకం చిన్నదే, తర్వాత్తర్వాత లావెక్కింది. 1922లో పెంతెకొస్తువాళ్లు తమ పుస్తకం తెచ్చుకున్నారు. మంచు కీర్తన అందులోనూ చేరింది.

1845 నాటి ఆ చీలికలో ఉత్తరాది సగం తెలుగువారికి చిరపరిచితమే. నెల్లూరు, ఒంగోలుకు వచ్చిన మిషనరీలు ఆ శాఖవాళ్లు. 1878లో ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన క్లౌ దొర వాళ్లలోని వాడే. మంచు మాట తెలుగు క్రైస్తవులకూ పుస్తకం ద్వారానే వచ్చింది, ఆకాశం నుంచి రాలేదు. అయితే ఇక్కడ పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టి, పాట ఒంట్లోకి ఊరి గాలి ఊదారు.

మళ్లీ బ్రెజిల్‌కొస్తే, లూకాస్ వాదానికి ఒక బీట ఉంది. ఆ కీర్తన రాసిన ఈడెన్ లాటా దక్షిణాది దొర కాడు. బానిసత్వం లేని ఇండియానా రాష్ట్రంలో పుట్టిన బడిపంతులు. ఉపమానం ఆయన సొంతం కూడా కాదు, 51వ కీర్తనలోది, యెషయా గ్రంథంలోది. ఆ మాటలు రాసిన హీబ్రూలు పశ్చిమాసియా ఎండలో కమిలినవాళ్లు. హెర్మోను కొండ మీది మంచు వాళ్లకు ఒంటిరంగు గుర్తుచేసి ఉండదు. పాట పుట్టుకను బట్టి తీర్పు చెబితే ముద్దాయి నిర్దోషి.

పుట్టుకతోనే అర్థం తేలిపోతుందా అన్నదే అసలు చిక్కు. తెలుగులో ‘తెల్లమొహం వేశాడు’ అంటే దిక్కుతోచలేదని. నల్లనయ్య అంటే సాక్షాత్తూ దేవుడు. భాష ఇంత ఉదారంగా ఉన్నా, పెళ్లిచూపుల్లో ఓటు తెలుపుకే పడుతుంది. మాటలో లేని అర్థాన్ని మనుషులు తెచ్చి పోస్తారు. నల్లపిల్ల చర్చిలో నిలబడి పాడిన తెలుపు వేరు, అదే పిల్ల బయటికొచ్చి ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఎదురైన తెలుపు వేరు అని పండితుడు చెప్పగలడు. ఆ పిల్లకు రెండూ ఒకే మాట.

తెలుపు ఎప్పుడూ శుద్ధికే గుర్తని బైబిలు కూడా అనదు. సంఖ్యాకాండం 12వ అధ్యాయంలో మోషే కూషు దేశపు స్త్రీని పెళ్లాడాడని అక్క మిర్యాము నిందిస్తుంది. కూషు అంటే ఈజిప్టుకు దక్షిణాన నల్లవాళ్ల దేశం. దేవునికి కోపమొచ్చి మిర్యాము ఒళ్లంతా కుష్ఠుతో మంచులా తెల్లబడుతుంది. ఆమెను ఏడు రోజులు పాళెం బయట ఉంచుతారు. పాటల పుస్తకం కూర్చినవాళ్లు దావీదు మంచును ఏరుకున్నారు, మిర్యాము మంచును వదిలేశారు. లూకాస్ ఈ అధ్యాయాన్ని పట్టుకుని ఉంటే, పాటను జాత్యహంకారమన్నంత పని లేకుండానే ప్రత్యర్థుల నోరు కట్టేది.

ఈ గొడవకు ఐదేళ్ల ముందే ఆయన పాళెం దాటాడు. రియో శివార్లలోని డూకి డి కషియాస్‌లో 2014లో ఒక కాందోంబ్లే గుడిని దుండగులు తగలబెట్టారు. ఆఫ్రికా బానిసలు కాపాడుకొచ్చిన దేవతల మతమది. ఆ ప్రాంతంలో అటువంటి దాడుల్లో క్రైస్తవం పేరు వినపడటం కొత్త కాదు. గుడి బాగుకు క్రైస్తవులు 11 వేల రియాళ్లు పోగుచేసి, 2017 నవంబరులో లూథరన్ పాస్టరమ్మ లుజ్మరీనా ఆధ్వర్యంలో అందజేశారు. లూకాస్ వెళ్లి అక్కడ పాట పాడాడు. వీడియో బయటికి రాగానే, విగ్రహాల ఇంట్లో పాడినవాడు మా వేదికెలా ఎక్కుతాడని నిలదీశారు. పదకొండు వేలంటే చిన్న మొత్తం. పెద్దది, ఆ గుమ్మంలో కాలు పెట్టడం.

తగలబెట్టినదాన్ని కట్టించడం ఆ దేవతలను కొలవడమవుతుందా? యేసు చెప్పిన మంచి సమరయుడి కథ తెలిసినవాళ్లకు ఇది జటిలం కాకూడదు. గాయపడినవాడి మతమేమిటని ఆ కథలో ఎవరూ అడగరు.

తర్వాత పాటే గుమ్మం దాటింది. చాలాకాలం నాస్తికుడిగా పేరుపడ్డ బ్రెజిల్ ప్రసిద్ధ గాయకుడు కాయెతానో వెలోజో, ఎనభై ఏళ్ల వయసులో, 2022లో లూకాస్‌తో కలిసి ‘దేవుడు నన్ను చూసుకుంటాడు’ పాట రికార్డు చేశాడు. కొడుకుల్లో ఇద్దరు సువార్తిక విశ్వాసం వైపు వెళ్లారని ఆయనే చెప్పుకున్నాడు. 2022 జనగణనలో బ్రెజిల్ జనాభాలో సువార్తికులు 26.9 శాతం. ఆ దేశపు గొంతుగా పేరున్నవాడికి ఇంట్లోనూ వీధిలోనూ వినిపిస్తున్న పాట అది. నమ్మకం లేని నోటితో పాడితే ప్రార్థన అవుతుందా, నటన అవుతుందా అని చర్చిల్లో తర్కించారు. నమ్మకంతో పాడేవాళ్లందరి మనసుల్లోకి తొంగిచూసే వీలు ఆ తర్కించేవాళ్లకూ లేదు.

2024 ఆగస్టులో కాయెతానో, కాందోంబ్లే భక్తురాలైన చెల్లెలు మరియా బెతానియాతో కలిసి రియోలో కచేరీల యాత్ర మొదలుపెట్టాడు. పాత పాటల కోసం స్టేడియాలు నిండాయి. మధ్యలో లూకాస్ పాట అందుకోగానే, ఇదెందుకిక్కడ అని ఈసారి కాయెతానో సొంత అభిమానులే గొణిగారు. పత్రికల్లో రాశారు కూడా. తర్వాతి ఊళ్లలోనూ ఆయన ఆ పాట పాడాడు.