ఎవరి భాషలో వారికి

ఒక సంస్థ తన మాటను ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పవచ్చా? భూమి గల రైతుకు ఒకలా, కూలికి ఒకలా, పెట్టుబడి పెట్టేవారికి ఇంకోలా చెబితే అది వివేకమా, రెండు నాలుకల ధోరణా? ఇది ఆఫీసు ప్రణాళికల ప్రశ్నలా కనిపించినా మొదట ధర్మానికి సంబంధించిన ప్రశ్న. దీనికి జవాబు వెదకడానికి అమరావతిని మించిన చోటు నాకు కనబడదు. ఇక్కడ ధాన్యకటకంలో మహాచైత్యం చుట్టూ బతికిన బౌద్ధ సంఘం గృహస్థులతో, భిక్షుణులతో, చేతివృత్తుల వారితో శతాబ్దాల పాటు మాట్లాడిన సంస్థ.

బ్రాహ్మణ కుటుంబాల నుంచి వచ్చిన ఇద్దరు భిక్షువులు బుద్ధవచనాన్ని ఛందస్సులోకి, అంటే వేదభాష తరహాలోకి, మారుస్తామంటే బుద్ధుడు మందలించి, సొంత భాషలోనే నేర్చుకోమన్నాడని వినయపిటకంలోని చుల్లవగ్గం చెబుతుంది. ‘సొంత భాష’ అంటే బుద్ధుడి మాగధి అని బుద్ధఘోషుడి వ్యాఖ్య. ఎవరి భాష వారిదని చాలామంది పండితుల అభిప్రాయం. ఏ అర్థం తీసుకున్నా, కొద్దిమందికే అందే భాషలోకి ధర్మాన్ని ఎక్కించడం ఆయనకు ఇష్టం లేదన్నది స్పష్టం. అమరావతి శిల్పులు ఆ దారినే ఇంకాస్త ముందుకు వెళ్లారు. నాలాగిరి ఏనుగు కథను చెక్కిన గుండ్రటి ఫలకంలో జనాన్ని తొక్కుకుంటూ వచ్చే ఏనుగూ, బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగూ పక్కపక్కనే ఉంటాయి. అక్షరం రానివాడికీ కథ పూర్తిగా అందుతుంది. చదవగలిగినవాడికి బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనాలున్నాయి. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడని వాటిలో ఒకటి చెబుతుంది. అంటే సంఘం ఆయనకు చెప్పి ఊరుకోలేదు, ఆయన పేరును తన గోడమీద నిలిపింది.

వినేవాణ్ని బట్టి మాట మార్చడం మోసానికి మొదటి మెట్టు కాదా అన్నది గట్టి ఆక్షేపణే. సద్ధర్మపుండరీకమనే బౌద్ధ గ్రంథంలో మంటల్లో చిక్కిన పిల్లలను బయటికి రప్పించడానికి తండ్రి రకరకాల బండ్లు ఇస్తానని ఆశపెడతాడు. అది అబద్ధం కాదా అని ఆ గ్రంథమే అడిగి, కాదంటుంది. నా మనసు మాత్రం మజ్ఝిమనికాయంలోని అభయరాజకుమార సుత్తం వైపే మొగ్గుతుంది. సత్యమూ హితమూ అయిన మాటే చెప్పాలి, అది ప్రియమైనా అప్రియమైనా సమయం చూసి చెప్పాలి అన్నది అక్కడి కొలత. అందులో సమయం మారవచ్చు, అసత్యానికి మాత్రం ఎక్కడా చోటు లేదు. ఈ కొలతతోనే నేటి అమరావతిని చూద్దాం. రాజధాని కోసం 2015లో జరిగిన భూసమీకరణలో, రైతు ఇచ్చిన మెట్ట ఎకరానికి బదులుగా 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం అన్నారు. నీటి వసతి గల జరీబు భూమికైతే 1,000, 450. నేల వేరు కాబట్టి లెక్క వేరు, రెండూ అందరి ముందూ ఉన్నాయి. ఇందులో వంచన లేదు. 2019 డిసెంబరులో కొత్త ప్రభుత్వం నుంచి రాష్ట్రానికి మూడు రాజధానులన్న మాట వచ్చినప్పుడు రైతులను కుంగదీసింది ఈ తేడా కాదు, మాటకు ఆధారమైన విషయమే మారిపోవడం. ప్రభుత్వాలు మారతాయి కదా అనవచ్చు. కానీ రైతు పొలం అప్పగించింది ఒక పార్టీకి కాదు, రాజ్యానికి. 2022 మార్చి 3న హైకోర్టు కూడా భూసమీకరణ హామీలు నెరవేర్చాలనే చెప్పింది.

ఇంతకన్నా లోతైన ప్రశ్న మరొకటి ఉంది. ఎదుటివాడి జవాబు విని సంస్థ మారుతుందా? మారనప్పుడు ఎంత చక్కగా చెప్పినా అది దండోరాయే. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) ఇప్పించినప్పుడు తాత శుద్ధోదనుడు దుఃఖపడి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా బిడ్డలను తీసుకోవద్దని వేడుకున్నాడు. బుద్ధుడు దాన్ని నియమం చేశాడు. సంఘంలో సభ్యుడు కానివాడి బాధ సంఘం నియమాన్ని మార్చింది. అందరినీ అడుగుతూ పోతే ఏ పనీ సాగదనేవారు ఈ ఘట్టాన్ని గమనించాలి. సంఘం ఆగిపోలేదు, ఆ నియమంతోనే సాగింది. ఇదే ప్రశ్నను అమరావతి భూసమీకరణకు వేస్తే, అక్కడ కొలమానం ఎకరం. భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను రాశారు. అది అవసరమే. కానీ కొలత ఎకరమైనప్పుడు, ఆ పొలాల్లో కలుపు తీసి, కోత కోసిన మనిషి ఒప్పందంలో పక్షం కాలేడు, లబ్ధిదారుగానే మిగులుతాడు. విధికుడి పేరు చైత్యం మీదికి ఎక్కడానికి ఎవరూ ఆయనకెంత పొలముందో అడగలేదు.