వంశావళి దొరకనివారు

ధ్యాన భాగము: నెహెమ్యా 7:5, 61–65



పరిశుద్ధ గ్రంథములో పేర్ల పట్టికలు వచ్చినప్పుడు మనలో అనేకులు ఆ పుటలు త్రిప్పివేయుదురు. కుటుంబ ప్రార్థనలో నెహెమ్యా ఏడవ అధ్యాయము తన వంతునకు వచ్చిన బిడ్డ తల్లి ముఖము చూచును. మేమును సెమినరీలో చదువుకొను దినములలో ఆ అధ్యాయమును శ్రద్ధగా చదువలేదు. అది పరీక్షకు వచ్చునది కాదు గనుక. సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక అతిథి మా వసారాలో కూర్చుండి ఒక కాగితము విప్పువరకు ఆ పట్టికలతో మనకేమి పని అనియే యుంటిమి.

ఆమె దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్ నగరమునుండి వచ్చిన సహోదరి. అరువది యేండ్లుండును. తెలుగు మాటలు నాలుగైదు మాత్రమే వచ్చును. అందులో ఒకటి పచ్చడి. వారి తాతల కాలమునుండి వారు తెలుగు బాప్తిస్టు సంఘమునకు చెందినవారు. నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు 1903లో నేటాలు దేశమునకు వెళ్లి, అచ్చటి తెలుగు కూలీల మధ్య సంఘములు కట్టిరని మనలో కొందరెరుగుదురు. ఆమెయు ఆ సేవా ఫలమే.

ఆమె తెచ్చిన కాగితము ఓడ చిట్టా నకలు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి కూలీలతో డర్బన్ రేవు చేరెను. అది మొదలు 1911 వరకు లక్షా యేబది రెండు వేలమందికి పైగా ఆ దేశపు చెరకు తోటలకు, తేయాకు తోటలకు, రైలు మార్గములకు, గనులకు కరారు మీద వెళ్లిరి. ఐదేండ్ల కరారు, మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము. ఓడ దిగిన ప్రతివానికిని ఒక నంబరు. ఆ నంబరు ప్రక్క పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటి మీది గురుతులు. ఆ సహోదరి ముత్తవ్వకు ఇరువది రెండేండ్లట. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చయట. జిల్లా గోదావరి, తాలూకా నగరము. నగరము తాలూకా యనగా ఏమో ఆమెకు ఎవరును చెప్పలేకపోయిరి. ఈనాటి మన రాజోలు ప్రాంతమే ఆ పాత తాలూకా యని చెప్పగా ఆమె కన్నులు తుడుచుకొనెను. గ్రామము పేరు మాత్రము దొరగారి గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. దానిని మూడు ఊళ్ల పేర్లుగా చదువవచ్చును.

ఆ కాగితము చూచినప్పుడు మాకు మొదట కలిగినది జాలి కాదు, అసూయ. నవ్వకుడి. ఓడ యెక్కి వెళ్లిన ఆ పడుచు చేతి మచ్చ కూడ చిట్టాలో భద్రముగా ఉన్నది. ఇచ్చటనే ఉండి దమ్ము చేసి, నాట్లు వేసి, కొబ్బరి పీచు కొట్టి చనిపోయిన మా ముత్తాత పేరు ఏ కాగితము మీదను లేదు. కరణముగారి అడంగలులో పొలము గలవాని పేరుండును, పాలేరు పేరుండదు. దేశమంతటను ఒకేసారి 1881లో తలలు లెక్కించిరి. మావారిని కూడ లెక్కించియే యుందురు. కాని అచ్చయినవి మొత్తములే, పేర్లు కావు. 1948 నాటి చట్టము ప్రకారము ఇంటింట వ్రాసిన జనాభా లెక్కల కాగితములను ఎవరును చూడరాదు. రంగము వెళ్లినవారి సంగతియు ఇట్టిదే. కాకినాడ రేవులో ఓడ యెక్కి పడవ కూలికిని, మిల్లు కూలికిని ఎందరో వెళ్లిరి. 1942లో బర్మా నుండి కాలినడకను బయలుదేరినవారిలో ఎందరు అడవులలో పడిపోయిరో వారి ఇండ్లవారికే తెలియదు.

ఇతర దేశములలోను ఈ వెదకులాట కలదు. ఐర్లాండు దేశములో 1821 మొదలు 1851 వరకు వ్రాసిన జనాభా లెక్కలు బహు స్వల్పముగా తప్ప 1922లో డబ్లిన్ నగరమందలి పోరాటములో కాలిపోయెను. కరవునకు తాళలేక అమెరికా వెళ్లిన వారి సంతానము ఈనాటికిని 1901, 1911 లెక్కల పుటలలో తమ తాతల ఇంటి పేర్లు వెదకుకొనుచున్నారు. మారిషస్ ద్వీపములో మన తెలుగువారిని చాలకాలము కోరంగీలు అని పిలిచిరి. కోరంగి రేవు మనకెంత దూరము? గోదావరి పాయ దాటి యానాము మీదుగా పోవుటయే. 1839 తుపాను ఆ రేవును ముంచివేసెను గాని దాని పేరు సముద్రము దాటి బ్రదుకుచున్నది.

ఆ సహోదరిని వెంటబెట్టుకొని మూడు ఊళ్లును తిరిగితిమి. మొదటి ఊరిలో ఆమె పొలము అడుగ వచ్చినదేమోయని ఇద్దరు పెద్దలు తలుపు తీయలేదు. రెండవ ఊరిలో అందరును ఆమెకు చుట్టములైరి! ఒక యింటివారు కోడిని కోసిరి. ప్రక్క యింటివారు, ఆ ముత్తవ్వ తమ ఆడపడుచే కాని వారి ఆడపడుచు కాదని జగడమునకు దిగిరి. మూడవ ఊరి పేటలో తొంబది యేండ్లు దాటిన ఒక అవ్వ మాత్రము, ఒక పిల్ల ఓడ యెక్కిపోయినదని తన నాయనమ్మ చెప్పగా వింటిననెను. ఎవరి పిల్ల అని అడిగితిమి. చెప్పలేదో, చెప్పలేకపోయినదో. ఇల్లు దొరకలేదు.

సాయంకాలము వసారాలో మరల ఆ కాగితము విప్పి, కులము అను గడిలోని మాట మీద వ్రేలు పెట్టి, దీని అర్థమేమి అని ఆమె అడిగెను. ఆ గడిలో మాల అని వ్రాసియుండెను. మేము ఒక క్షణమాగి, పొలము పని చేయువారని చెప్పితిమి. ఆమె నమ్మి, చిన్న పుస్తకములో వ్రాసికొనెను.

ప్రియులారా, ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. ఆ మాట మా తాతగారిది. మాది. ప్రతి ఆదివారమును క్రీస్తునందు యూదుడని గ్రీసుదేశస్థుడని లేదని బోధించు నోరు, ఒక్క మాట దగ్గర ఎందుకు ముడుచుకొనెను? ఆమెకు బాధ కలుగునని కాదు. ఆమె దానిని ఎరుగదు కూడ. బాధ మాది.

మత్తయి సువార్తికుడు ఇట్లు చేయలేదు. రాజైన దావీదు కుమారుని వంశావళి వ్రాయుచు ఆయన తామారు పేరు వ్రాసెను, రాహాబు పేరు వ్రాసెను, మోయాబీయురాలైన రూతు పేరు వ్రాసెను. ఊరియా భార్య దగ్గరకు వచ్చినప్పుడు ఆమె పేరునకు బదులు ఆమె భర్త పేరు వ్రాసి, దావీదు చేసిన పాపము గూడ ఆ వరుసలోనే నిలిపెను (మత్తయి 1:3–6). కప్పిపుచ్చవలెనని యున్నచో ఆ నాలుగు పేర్లును విడిచిపెట్టుట ఎంత సులభము! అయినను మన ప్రభువు తన పితరులలో ఎవరిని గూర్చియు సిగ్గుపడలేదు.

నెహెమ్యా గ్రంథమునకు వత్తము. చెరనుండి తిరిగి వచ్చినవారిలో కొందరు తేల్మెలహు, తేల్హర్షా మొదలగు చోట్లనుండి వచ్చిరి. తాము ఏ పితరుల ఇంటివారో, అసలు ఇశ్రాయేలీయులో కారో చూపలేకపోయిరి. అట్టివారు 642 మంది. ఎజ్రా గ్రంథములో 652 అని యున్నది; లెక్క వ్రాయువారు ఏ కాలమందైనను లెక్క వ్రాయువారే. యాజకులమని చెప్పుకొనినవారి పేర్లు దొరకనప్పుడు వారిని యాజకత్వమునుండి తొలగించిరి. ఊరీము తుమ్మీము గల యాజకుడు లేచువరకు అతిపరిశుద్ధ వస్తువులను తినకూడదనిరి. కాని ఆ 642 మందిని వెనుకకు పొమ్మనినట్లు వ్రాయబడలేదు. వారును అందరితో కూడ అదే దారిని నడచిరి, యెరూషలేమునకును యూదాదేశమునకును వచ్చిరి. చిట్టాలో దొరకనివారికి దేవుడు తన గ్రంథములోనే ఒక చిట్టా నిలిపెను. ఇన్ని యేండ్లు ఆ పుటను మేము త్రిప్పివేయుచుంటిమి.

ఇక ఇంటి సంగతి. రెండు మూడు యేండ్లుగా మన సంఘపు పెద్దలు కొందరు మమ్మును ఒక ప్రశ్న అడుగుచున్నారు: అయ్యగారూ, లెక్కలవారు వచ్చినప్పుడు ఏమి చెప్పమందురు? 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు ఆగిపోయి 2027నకు నిర్ణయింపబడెను. అందులో కులము కూడ వ్రాయుదురని ప్రకటించిరి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులపు హక్కు హిందువులకు మాత్రమే యుండెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఇచ్చిరి. బాప్తిస్మము పొందినవాడు మన రాష్ట్రములో బి.సి.–సి యగును. మా సర్టిఫికెట్టు అట్లున్నది. మా తమ్మునిది వేరుగా ఉన్నది. ఒక తల్లి బిడ్డలము, ఒకే బల్లయొద్ద ప్రభువు రాత్రి భోజనము పుచ్చుకొనువారము.

ఆ ప్రశ్న వచ్చినప్పుడెల్ల, ప్రార్థన చేయుడి అని చెప్పి మేము సైకిలెక్కితిమి. అది బోధకుని సమాధానము కాదు. ఇప్పుడు చెప్పగలిగినది ఇంతే. బిడ్డ చదువు కొరకు వేరుగా వ్రాయించిన తండ్రి మీద మేము రాయి వేయము. నీళ్లలో మునిగి లేచినంతమాత్రమున ఊరివారు మన తాతను చూచు చూపు మారలేదు. టీ దుకాణములో గ్లాసు మారలేదు. ఇది చూడనొల్లని చట్టము అన్యాయమైనదని మనము దాగక, కలిసి, పాలకులతో చెప్పవలెను. మెల్లగా గొణుగుకొనుట చాలించుడి. కాని ఇంటిలో, అన్నము ముందర, బిడ్డకు రెండును నిజముగా చెప్పుడి: నీ ముత్తాత ఎవరో, నీ ప్రభువు ఎవరో. ఆదివారమునకు ఒక పేరు, ఆఫీసునకు ఒక పేరు అని నేర్చుకొనిన బిడ్డ రెండింటిని గూర్చియు సిగ్గుపడును. మేము ఎరిగిన బిడ్డలు కలరు. ఒక్క జిల్లా పేరు కొరకు 2022 మేలో అమలాపురములో ఇండ్లు తగులబడుట మనము చూచితిమి గదా. పేరు చిన్న సంగతియని మాతో ఎవరును చెప్పనక్కరలేదు.

వంశావళులు వెదకుట వట్టి గర్వముగా మారవచ్చునని మేమెరుగుదుము. అపొస్తలుడు తిమోతిని ఆ విషయమై హెచ్చరించెను (1 తిమోతి 1:4). గొప్పవారి తాతలను వెదకువానికి ఆ హెచ్చరిక తగును. మనవారిలో ఎవని తాత పేరైనను దొరికినచో గర్వపడుటకు అందు ఏమున్నది, కాలిన మచ్చ తప్ప? యెహోవా జనముల సంఖ్య వ్రాయించునప్పుడు, కూషువంటి దూరదేశపువాని గూర్చియు ఇతడు ఇచ్చట పుట్టినవాడని వ్రాయునని 87వ కీర్తన చెప్పుచున్నది. ఆ భాగమును ఆ సహోదరితో కలిసి చదివితిమి, ఆమె ఇంగ్లీషులోను మేము తెలుగులోను.

ఆమె వెళ్లిన పదునైదు దినములకు మేము ఫోనులో వర్తమానము పంపి, ఆ మాటకు నిజమైన అర్థము, ఆ దినము మేము దానిని దాచిన సంగతి, అది మా మాట కూడ అను సంగతి వ్రాసితిమి. మూడు దినములు జవాబు రాలేదు. నాలుగవ దినమున వచ్చెను: ఆ మాటను, ముత్తవ్వ పేరును తెలుగు అక్షరములలో పెద్దవిగా వ్రాసి పంపవలెననియు, తమ ఇంటి బైబిలు మొదటి పుటలో అతికించుకొందుమనియు. వ్రాసి పంపితిమి.

1996 నవంబరు తుపానులో మన మందిరములోనికి నీరు వచ్చినప్పుడు పాత బాప్తిస్మపు రిజిష్టరు తడిసిపోయినది. మిగిలిన పుటలను చెదలు తినివేసినవి. క్రొత్త రిజిష్టరు వ్రాయుటకు పెద్దలు సమ్మతించిరి. వచ్చు నెల రెండవ ఆదివారము ఆరాధనయైన తరువాత మీ ఇండ్లలోని పాత బైబిళ్లు, పెండ్లి కాగితములు, రంగము ఉత్తరములు ఏమున్నను తీసికొని రండి. ముసలివారిని చేయి పట్టుకొని తీసికొని రండి. తల్లుల పేర్లును, తల్లుల తల్లుల పేర్లును వ్రాయింపుడి. మొదటి పుటకు మేమే గడులు గీసితిమి: పేరు, తండ్రి, తల్లి, ఊరు, బాప్తిస్మము పొందిన యేడు. ఇంకొక గడి గీయవలెనా వద్దా అని పెద్దలు రెండు కూటములలో మాటలాడిరి, ఇంకను తేలలేదు.