పెంపకం ఒక్కరి వ్రతమా? భరతుని కథ, బంధువుల ధర్మం

తల్లిదండ్రులు మరణించో, విడిపోయో, జబ్బుపడో, వలసపోయో కన్నబిడ్డను సాకలేని స్థితి వచ్చినప్పుడు ఆ బిడ్డ అమ్మమ్మ దగ్గరికో, మేనత్త ఇంటికో, పిన్ని చేతుల్లోకో చేరడం తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. ఆ బిడ్డకు ఆటిజం ఉన్నప్పుడు మాత్రం ఈ పాత ఏర్పాటు మీద మునుపెరుగని బరువు పడుతుంది. ఆటిజం అనేది పసితనం నుంచే ఉండే నాడీవికాస భేదం. మాట, చూపు, సైగల ద్వారా ఎదుటివారితో సంబంధం కలుపుకునే తీరులోనూ, ఒకే పనిని ఒకే వరుసలో మళ్లీ మళ్లీ చేయాలనే పట్టులోనూ, చప్పుడు, వెలుగు, స్పర్శ, రుచి వంటివాటిని ఇంద్రియాలు గ్రహించే తీవ్రతలోనూ అది ఒక్కో బిడ్డలో ఒక్కో పాళ్లలో కనిపిస్తుంది. అటువంటి బిడ్డను తన బిడ్డగా సాకే బంధువును చూసి లోకం ‘పుణ్యం కట్టుకున్నావమ్మా’ అంటుంది. మనసారా అన్న మాటే కావచ్చు; కానీ పుణ్యమంతా ఆమెదే అన్నప్పుడు భారమంతా ఆమెదే అన్న తీర్పు కూడా అందులో కలిసిపోతుంది. పెంపకం ఒంటరిగా నెరవేర్చవలసిన వ్రతమా, ఆసరా కోరితే ఆ వ్రతానికి భంగమా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

భాగవతం ఐదవ స్కంధంలోని భరతుని కథను (తెలుగు భాగవతంలో ఈ స్కంధాన్ని రచించినది గంగన) ఈ ప్రశ్నతో చదవడం అవసరం. రాజ్యాన్ని కొడుకులకు అప్పగించి, గండకీ నది ఒడ్డున పులహాశ్రమంలో తపస్సు చేసుకుంటున్న భరతుని కళ్లెదుట, నీళ్లు తాగుతున్న నిండుచూలాలైన లేడి సింహగర్జనకు బెదిరి దూకడంతో గర్భం జారి పిల్ల ప్రవాహంలో పడుతుంది, తల్లి చనిపోతుంది. భరతుడు ఆ పిల్లను తెచ్చి పెంచుతాడు. దర్భలకో సమిధలకో అడవికి వెళ్లవలసి వస్తే తోడేళ్ల భయంతో దానిని వెంట తీసుకుపోతాడు, నడవలేకపోతే భుజాన ఎత్తుకుంటాడు, అనుష్ఠానం మధ్యలో లేచివచ్చి అది క్షేమంగా ఉన్నదో లేదో చూసుకుంటాడు. క్రమంగా నియమాలన్నీ జారిపోతాయి. చివరి ఘడియలో పక్కనే కూర్చున్న లేడిపిల్ల మీదనే మనసు నిలిపి ప్రాణం విడిచి, మరుజన్మలో లేడిగా పుడతాడు.

సంగం, అంటే మనసును కట్టిపడేసే ఆసక్తి, ఎంతటి యోగినైనా పడదోస్తుందనే హెచ్చరికగా సంప్రదాయం ఈ కథను చదివింది. ఆ పఠనాన్ని కాదనవలసిన పని లేదు. అయితే భరతుడు ఆ ఆశ్రమంలో ఒంటరిగా ఉన్నాడని భాగవతం ముందే చెబుతుంది. సంధ్య వార్చే కొద్దిసేపు ఆ పిల్లను కనిపెట్టి ఉండే మరో మనిషి అక్కడ లేడు. దయ చూపడం వల్ల అతని సాధన చెడిందనడం కన్నా, ఆ దయలో పాలుపంచుకునేవారు లేకపోవడం వల్ల చెడిందనడమే కథలోని వివరాలకు దగ్గరగా ఉంటుంది. స్నానానికి వెళ్లాలన్నా తలుపు గడియ రెండుసార్లు చూసుకునే, దీపం పెట్టి మంత్రం సగంలో ఆపి పరుగెత్తే, పిల్లవాడు నిద్రపోని రాత్రుల తర్వాత పొద్దున్నే వంట మొదలుపెట్టే పెంపుడుతల్లికి ‘మమకారం తగ్గించుకో’ అన్న బోధ ఉపకరించదు; వారంలో ఒక పూట ఆమె స్థానంలో కూర్చునే మనిషి ఉపకరిస్తాడు.

అదే కథ తరువాతి భాగం బంధువులకు నిలదీతలాంటిది. భరతుడు మూడవ జన్మలో బ్రాహ్మణకుమారుడిగా పుట్టి, జనసంసర్గానికి భయపడి జడుడిలా మెలుగుతాడు. తండ్రి నెలల తరబడి గాయత్రి నేర్పబోయి విఫలుడై కూడా విసుగు చెందడు. ఆ తండ్రి పోయాక, తల్లి బిడ్డలను సవతికి అప్పగించి సహగమనం చేశాక, సవతి అన్నలు చదువు మాన్పించి అతణ్ని పొలం పనికి తోలి, నూకలో తెలికపిండో ఊకో మాడో ఏది ఉంటే అది పడేస్తారు. అతను అమృతంలా తింటాడు. రహూగణుడనే రాజు పల్లకి మోసేటప్పుడు నడక తేడాగా ఉందని ఆ రాజు వెక్కిరిస్తాడు. నిజానికి ఆ తేడా, కాలి కింద ప్రాణి నలగకుండా బాణమంత దూరం ముందుకు చూసి అడుగువేయడం వల్ల వచ్చినది. ఆటిజం ఉన్న ప్రతి బిడ్డా ఇటువంటి జ్ఞాని అని దీని నుంచి తేల్చడం మరో అన్యాయం. దేవుణ్ని చేసిన బిడ్డకు అన్నం కలిపి పెట్టవలసిన పని ఎవరికీ కనిపించదు. కథ నుంచి గ్రహించదగినది ఇంతే: వింతగా కనిపించే నడవడికకు లోపల ఒక కారణం ఉండవచ్చు, దానిని తెలుసుకునే ఓపిక పెద్దలది.

‘పూర్వజన్మ పాపం’ అన్న మాట ఆ ఓపికను మొదట్లోనే చంపుతుంది. లోకంలోని హెచ్చుతగ్గులకు ఈశ్వరుని పక్షపాతమూ నిర్దయా కారణం కావని చెప్పడానికి బ్రహ్మసూత్రాలు (రెండవ అధ్యాయం, మొదటి పాదం, 34వ సూత్రం) ప్రాణుల కర్మను ప్రస్తావించాయి. అది ఈశ్వరుని మీది ఆక్షేపణకు సమాధానం. పొరుగింటివారు బిడ్డ మీదనో తల్లి మీదనో నేరం మోపడానికి ఇచ్చిన అధికారం కాదు. ఇటువంటి నేరారోపణను విజ్ఞానం పేరిట కూడా చేశారు: తల్లుల ఆప్యాయతాలోపమే ఆటిజానికి మూలమన్న వాదం అమెరికాలో చాలాకాలం చెలామణి అయింది; స్వయంగా ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన మనస్తత్త్వవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో దానిని ఖండించాడు.

బంధువు బిడ్డను పెంచడాన్ని అన్ని మతాలూ ఎరుగును: అనాథ అయిన ముహమ్మద్ ప్రవక్తను తాత అబ్దుల్ ముత్తలిబ్, ఆపైన తండ్రి సోదరుడు అబూ తాలిబ్ పెంచారు, బైబిల్‌లో ఎస్తేరును సాకినవాడు మొర్దెకై. మహాభారతంలో మాద్రి, తాను బతికి ఉంటే కుంతి కొడుకులను తన కొడుకులతో సమంగా చూడలేనని ఒప్పుకొని, నకుల సహదేవులను ఆమెకు అప్పగిస్తుంది. కుంతి గొప్పతనాన్ని అందరూ స్మరిస్తారు కానీ ఆ వెంటనే జరిగినదానిని తక్కువగా తలుస్తారు. శతశృంగంలోని ఋషులు ఆమెను ఐదుగురు పిల్లలతో హస్తినాపురానికి తీసుకువచ్చి, ఈ పిల్లలు ఎవరో సభలో భీష్మాదుల ఎదుట సాక్ష్యం చెప్పి మరీ వెళతారు. పెంచే తల్లికి కావలసిన మొదటి ఆసరా తరచుగా ఈ సాక్ష్యమే. ఆసుపత్రిలో సంతకం పెట్టాలన్నా, బడిలో చేర్చాలన్నా, వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయాలన్నా ‘మీరేమవుతారు?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది.

చట్టం ఈ విషయంలో రెండు నాలుకలతో మాట్లాడుతుంది. ఆటిజాన్ని గుర్తించిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తొమ్మిదవ సెక్షన్, తల్లిదండ్రులు చూసుకోలేని బిడ్డను న్యాయస్థానం ముందుగా దగ్గరి బంధువులకే అప్పగించాలంటుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో వికలాంగులైన ఆశ్రితుల పోషణకు మినహాయింపునిచ్చిన 80డీడీ సెక్షన్ మాత్రం జీవితభాగస్వామిని, పిల్లలను, తల్లిదండ్రులను, తోబుట్టువులను తప్ప మేనల్లుణ్నీ మనవరాలినీ లెక్కలోకి తీసుకోలేదు. బాధ్యతను బంధువుకు ఇచ్చి, ఊరటను ఇవ్వకపోవడం ధర్మదృష్టితో చూసినా తప్పే. పరాధీనులను సంరక్షించే వ్యక్తి ఆ పని వల్లనే తానూ పరాధీన అవుతుందని, కనుక ఆమెను నిలబెట్టడం సమాజం తీర్చవలసిన బాకీ అని అమెరికన్ తత్త్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే 1999లో ప్రకటించిన గ్రంథంలో వాదించింది. తీవ్ర వైకల్యం ఉన్న కుమార్తెకు తల్లి అయిన ఆమె ఆ మాటను అనుభవం నుంచి చెప్పింది.

ఆ బాకీ తీర్చే మార్గాలు చాలావరకు చిన్నవే. గుడిలో మోటారుతో మోగే గంటా నగారా మొదలవగానే చెవులు మూసుకుని నేల మీద కూలబడే పిల్లవాడికి తలనీలాల మొక్కు తీర్చి తీరాలని పట్టుబట్టే బంధువు కంటే, నగారా మోగని వేళ ఏదో చెప్పి ఆ సమయానికి తీసుకురమ్మనే అర్చకుడు ఎక్కువ మేలు చేసినవాడు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన, మేధోవైకల్యాలకు సంబంధించిన జాతీయ సంస్థ వంటి చోట్ల మార్గదర్శనం దొరుకుతుంది. కానీ అక్కడికి వెళ్లే రోజున ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన ఉంటే ఆయనకు అన్నం పెట్టవలసినది మరొకరు.

పెంచేది అమ్మమ్మ అయినప్పుడు, తన తరువాత ఎవరు అన్న బెంగ భరతుని చివరి ఘడియలోని చింత వంటిదే. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, బిడ్డ పెద్దయ్యాక సంరక్షకుని నియమించమని జిల్లా స్థాయి కమిటీకి బంధువు కూడా దరఖాస్తు పెట్టవచ్చు. అయితే ఆ దరఖాస్తులో రాసే పేరుగల మనిషి అప్పటికే ఆ ఇంట్లో తిరిగినవాడై ఉండాలి. కుక్కర్ కూత వేయకముందే పిల్లవాణ్ని పెరట్లోకి తీసుకువెళ్లాలని, గిన్నె మారితే పెరుగన్నం ముట్టడని, చొక్కా మెడ వెనుక చీటీ కత్తిరించి తొడగాలని అమ్మమ్మ ఉండగానే ఆమె దగ్గర నేర్చుకున్నవాడై ఉండాలి.